నిలిపే మాత్ర

"వాడెవుడో చెప్పు. నేనేమీ అనను. పేరు చెప్తే సాలు."

"ఎవురూ లేరమ్మా."

"ఎవురూ లేకుండా ఇట్ల ఎట్లయితాదమ్మే?"

"దేవుని తోడు, ఎవురూ లేరు."

"ఏ దేవుడు? మీ దేవుడా, మా దేవుడా?"

"ఇద్దరి తోడూ."

అనంతపురంలో ఒక ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు బయట సిమెంటు బెంచీ. బయమ్మ పొద్దున మొదటి బస్సుకు ధర్మవరం నుంచి వచ్చింది. లోపల మంచం మీద ఉన్నది ఆమె ఒక్కగానొక్క కూతురు చంద్రిక. నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీ ల్యాబులో ఆగకుండా రక్తం పోయి, నిలబడిన చోటే కూలిపోయింది. ఆటోలో వేసుకొని ఇక్కడికి తెచ్చింది హబీబా. కదిరి పిల్ల, హాస్టల్లో చంద్రికతో ఒకే గదిలో ఉంటుంది. నిన్నటి నుంచి కంటి మీద కునుకు లేదు. ఈ తల్లికి ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆమెకు తేలడం లేదు.

"నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి ఏమడిగిందో తెల్సా నీకు? పాపకు పెండ్లయిందా అని అడిగింది."

"వాళ్ళు అందరినీ అడుగుతారమ్మా. అది వాళ్ళ పని."

"డాక్టరమ్మది ఇంకో పాట. ఏమన్నా మాత్రలు మింగిందా, మాత్రలు మింగిందా అని ఒకటే అడగడం."

"మీరేం చెప్పినారు?"

"ఏమీ మింగలేదని చెప్పినా."

"అయ్యో! అట్ల ఏంటికి చెప్పినారమ్మా?"

"నువ్వేం చెప్పినావు నిన్న? నిన్ను గూడా అడిగిందంట గదా."

"నేను... నాకు తెల్దని చెప్పినా."

"సూసినావా! తెల్సి గూడా తెల్దన్నావు."

"నాకు తెల్సని ఎవురు చెప్పినారు మీకు?"

"నీ మొగం చెప్తాంది. ఇట్ల తిరుగు. ఇదేందో చెప్పు."

"ఇది... ఇది మీకు యాడిది?"

"దాని బ్యాగులో బట్టలు తీస్తాంటే అడుగున దొరికింది. మాత్రలన్నీ అయిపోయినాయి, ఒట్టి రేకు ఉండాది. ఎవురూ సూడకముందే రవికలో దోపుకున్న్యా."

"ఇది దాచిపెట్టేదామ్మా? ఇయ్యండి, ఇంగ ఆలస్యం వద్దు, బిన్నా డాక్టరమ్మకు చూపిస్తాం."

"యాడ చూపించేది? సచ్చినా ఇయ్యను. కడుపు పోయే మాత్రలు మింగిందని కాగితం మీద రాస్తారు. ఆ మాట మా ఇంటికంటే ముందు మా వీధికి పోతాది."

"అమ్మా, మీరనుకునే మాత్ర కాదిది."

"మరి ఏం మాత్ర?"

"నిలిపే మాత్ర."

"ఏం నిలిపేది?"

"డేటు."

"డేటంటే?"

"ముట్టమ్మా. నెలనెలా వచ్చేది. అది రాకుండా నిలుపుతాది. ఈ మాత్ర మీకు తెల్సు."

"నాకెట్ల తెలుస్తాది? నేనేమన్నా మీ మాదిరి సదువుకున్న్యానా?"

"పోయినేడు చౌడమ్మ జ్యోతులప్పుడు చంద్రికకు డేటు పడిందని మీరే షాపులో తెప్పించి మింగించినారంట. చంద్రికే చెప్పింది. లేదంటారా?"

"అది దేవుని కార్యం. వంశమంతా చేరి జ్యోతులెత్తుతాంటే ఇదొక్కటే మూల కూసుంటాదా? ఏదో జాతర ఉన్నంతవరకు మింగింది, అయిపాయ. అయినా ఆ రేకు ఇట్ల లేదు. అది పచ్చగుండె."

"కంపెనీ వేరే. మందు అదే."

"నిజంగానా?"

"నిజమమ్మా. చంద్రిక అట్లాంటి పిల్ల కాదు."

"అట్లాంటి పిల్ల కాదా? అయితే ఈ శశి ఎవుడు? పొద్దున్నుంచీ దీని ఫోను మోగుతానే ఉండాది. ఇదో, మల్లా మోగుతాంది. ఈ పొటోలో ఉండేది మొగపిల్లోడే గదా?"

"ఇటియ్యండి. హలో... ఆఁ శశీ, నేను హబీబా. ఏమన్నారు? ... నిన్ను గూడానా? ... మరి ఎవురన్నా ఉండారా లేదా? ... చూడప్పా, బిన్నా చూడు. యాడికి కేశవను అడుగు. ... ఆఁ, పెట్టేస్తా."

"ఏమంట? ఏందో గుసగుస."

"గుసగుస ఏముందమ్మా, మీ ముందరే మాట్లాడినా. చంద్రికకు ఇంకో బాటిలు రక్తం కావాలన్నారు గదా. క్లాసోళ్ళంతా కింద రక్తమిచ్చే కాడ ఉండారు. శశిది తీసుకోలేదంట."

"ఏంటికి తీసుకోరు? దుక్కలాగుండాడు పొటోలో."

"గొంతు నొప్పికి యాంటీబయాటిక్ మింగుతాండాడంట. మింగుతాంటే తీసుకోరు."

"గొంతు నొప్పికి డాక్టరు కాడికి పోయినాడా?"

"ఎవురు పోతారమ్మా? పోయినేడు వాళ్ళన్నకు రాసిచ్చిన మాత్రలు మిగిలినాయని మింగినాడంట. వాని వెనక నిలబడినోడు జ్వరమని ఇంకోటేదో మింగినాడు. అందరూ అంతే. క్యాంపస్‌లో డాక్టరు వచ్చే దినం మాకు ల్యాబు ఉంటాది. టౌనుకు వస్తే సగం దినం పోతాది, అటెండెన్స్ పోతాది. గేటు ముందర మందుల షాపు ఉండాది. ఏమయిందో చెప్తే ఆయనే ఇస్తాడు."

"మరి రక్తం ఎవురిస్తారు ఇప్పుడు?"

"యాడికి కేశవ ఇస్తాడు."

"యాడికి పోయినాడు?"

"యాడికీ పోలేదమ్మా, వాళ్ళ ఊరు యాడికి. వానికి మాత్ర చూస్తేనే వాంతి వస్తాది. చిన్నప్పటి నుంచీ ఒక్కటి మింగింది లేదు. క్లాసులో అందరం వాన్ని ఎగతాళి చేస్తాం."

"ఆ బిడ్డ సల్లగుండాల. ... ఉండు, నా మాట దారి తప్పించద్దు. ఇప్పుడు ఏం జ్యోతులుండాయని ఇది ఈ మాత్రలు మింగింది? పరీక్షలా?"

"పరీక్షలకు కాదు."

"మరి?"

"నీళ్ళకు."

"నీళ్ళతోనే గదా ఎవురైనా మింగేది."

"నీళ్ళు లేక మింగిందమ్మా."

"నీళ్ళు లేకుండా మాత్ర ఎట్ల గొంతు దిగుతాదమ్మే?"

"అబ్బా! మింగనీకి నీళ్ళు కాదమ్మా. కడుక్కోనీకి నీళ్ళు. కడుక్కోనీకి!"

"అరవద్దు. లోపల పండుకోనుండాది."

"అరవక ఏం చేసేది? నాకు చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఎండాకాలం రాకముందే హాస్టల్ బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఒగ దినం వస్తాది, ఒగ దినం రాదు. వచ్చిన దినం మనిషికి ఒగ బకెట్టు. దాంట్లోనే స్నానం, దాంట్లోనే బట్టలు, దాంట్లోనే అన్నీ. మధ్యాన్నం అయితే వాసన వస్తాదని బాత్రూములకు గొళ్ళెం పెట్టేస్తారు."

"మాకు మాత్రం కొళాయి పొద్దస్తమానం వస్తాదా? మేం గడపలేదా?"

"మీ ఇంట్లో ముగ్గురు. మా ఫ్లోరంతా ఆడపిల్లలే. ముట్టయినప్పుడు ఆ ఒగ బకెట్టు యాడికి సాలుతాదో మీరే చెప్పండి. క్లాసులో మరక అంటింది చంద్రికకు. రూముకు ఉరికొస్తే చెంబు నీళ్ళు లేవు. బ్యాగు వెనక అడ్డం పెట్టుకొని సాయంత్రం దాకా గోడకు ఆనుకొని నిలబడుకుంది. నా బాటిల్లో తాగే నీళ్ళుంటే అవిచ్చినా. ఆ పొద్దే అనింది, జ్యోతులప్పుడు మా అమ్మ ఒక మాత్ర ఇచ్చిందే, అది మింగితే ఈ పీడ ఉండదు అని."

"ఇంత జరుగుతాంటే వార్డెనమ్మకు చెప్పకూడదా మీరు?"

"చెప్పలేదనుకుంటాండారా? అడ్జస్టు చేసుకోండి అన్నాది. ఖాళీ బకెట్లు తీసుకొనిపోయి ఆఫీసు ముందర కూర్చున్నాం. ముందర వరసలో చంద్రికే."

"అదా ఆ గలాటా!"

"ఏ గలాటా?"

"వార్డెనమ్మ మా ఇంటికి ఫోను చేసింది. మీ పాప గలాటా చేస్తాంది, పేరు కొట్టేస్తాం అని. నీళ్ళ మాట ఒక్కటి చెప్పలేదు ఆమె. వాళ్ళ నాయన మగ్గం గుంతలోంచి లేచొచ్చి, ఫోన్లోనే..."

"తెల్సు. నేను పక్కనే ఉండా. సదువుకోనీకి పోయినావా, గలాటా చేయనీకి పోయినావా అని అరిసినాడు. చంద్రిక నీళ్ళు రావడం లేదు నాయనా, నీళ్ళు రావడం లేదు అంటానే ఉండింది. ఆయన వినలేదు. మళ్ళ మీరు ఫోను తీసుకున్నారు."

"నేనేమన్న్యా?"

"ఇప్పుడెందుకులెండి."

"చెప్పమంటాండా గదా. ఏమన్న్యా?"

"ఆడపిల్లవు, నోరు మూసుకొని ఎట్లో గడుపు అన్నారు. గడిపిందమ్మా. ఆ తర్వాత ఎవురితోనూ ఏమీ చెప్పలేదు. ఒగ రేకు అయిపోతే ఇంగో రేకు."

"గమ్మునుండు. రొవ్వంతసేపు గమ్మునుండు."

"ఏడవద్దండమ్మా. నేను ఏదో కోపంలో..."

"ఏడ్సడం లేదు. వాళ్ళ నాయన ఫోను చేస్తాండాడు. ... ఆఁ, చెప్పు. ... ఆఁ, సూసినా. బాగుండాది. ... జ్వరమే. ... జ్వరానికి రక్తమెక్కిస్తారా అంటే నాకేం తెల్సు, ఎక్కిస్తాండారు! ... ఎవురు చెప్పినారు? మీ అక్కనా? మీ అక్క ఈడికొచ్చి సూసిందా? ... సదువు సాలు అనే మాట ఇప్పుడెత్తద్దు. ... ఎత్తద్దంటాండా! ... నువ్వు రా. మగ్గం మీద చీర యాడికీ పోదు. వచ్చినాక చెప్తా, అంతా చెప్తా. ... పెట్టేయ్."

"ఏమంటాండాడమ్మా?"

"ఇంటికి తోలుకొని రమ్మంటాండాడు. ఇంగ సదివింది సాలంట. వాళ్ళక్క ఏదో ఊదింది చెవిలో."

"ఇప్పుడు మీరు ఈ రేకు చూపించకపోతే ఆమె ఊదిందే నిజమనుకుంటారందరూ."

"చూపిస్తే?"

"చూపిస్తే ఇది ఏం మాత్రో డాక్టరమ్మే చెప్తాది. మీ ఆయన ముందర చెప్తాది. దానికేం మందియ్యాలో గూడా వాళ్ళకు తెలుస్తాది."

"ముట్టు మాట మొగోని ముందర ఎట్ల చెప్పేది?"

"నీళ్ళ మాట చెప్పండమ్మా. ఆయనా నీళ్ళు లేని ఊర్లోనే పుట్టినాడు గదా. అమ్మా, టైము పోతాంది."

"లెయ్. పద. నువ్వు గూడా రా, నాకు ఆ మాత్ర పేరు నోరు తిరగదు."

వాళ్ళు లేచేలోపే వార్డు తలుపు తోసుకొని డ్యూటీ డాక్టరు ఆశ్రిత బయటికి వచ్చింది. చంద్రిక కంటే నాలుగైదేళ్ళు పెద్దది, అంతే. బయమ్మ రేకు చేతిలో పెట్టగానే దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇది నిన్నటి నుంచీ మీ దగ్గరే ఉందా?"

"నేను పొద్దున వచ్చినా డాక్టరమ్మా. పొద్దున్నుంచి ఉండాది."

"పొద్దున్నుంచి నేను గొంతు చించుకొని అడుగుతున్నాను కదమ్మా! ఏం లేదు, ఏం లేదు అని ఒట్లు పెట్టారు."

"తప్పయిపాయ. వేరే మాత్రలనుకుంటి."

"మీరే కాదు, ఇక్కడ మేమూ ఏవేవో అనుకున్నాం. ఎప్పటి నుంచి వేసుకుంటోంది?"

"నువ్వు చెప్పు హబీబా."

"ఉగాది నుంచి, మేడం."

"మధ్యలో ఆపకుండా?"

"ఆపలేదు. నాలుగు దినాల ముందర షాపులో స్టాకు అయిపోయింది. అప్పుడే నిలిపింది. నిలిపిన రెండో దినం మొదలైంది."

"మొదలవుతుంది మరి. ఇన్నాళ్ళు పట్టి ఉంచింది ఒక్కసారిగా వదిలింది. ఒంట్లో రక్తం ముందే తక్కువ. ఎవరు రాసిచ్చారు ఇది?"

"ఎవురూ రాయలేదు, మేడం."

"రాయకుండా ఎలా వచ్చింది హాస్టల్లోకి? ఎవరు తెచ్చిచ్చారు? నిన్నే అడుగుతున్నాను. నిన్న తెలియదన్నావు. ఇవాళ ఉగాది అని కూడా చెబుతున్నావు. ఎవరు తెచ్చారో నేను మీ యూనివర్సిటీకి చెప్పాల్సి వస్తుంది."

"మేడం, అది... షాపుకు నేను..."

"నేనిచ్చినా డాక్టరమ్మా."

"మీరా?"

"నేనే. పోయినేడు జాతరకు నేనే మింగించినా, ఆ పొద్దు నుంచే దానికి ఇది తెలిసింది. ఏమన్నా చెప్పాలంటే నా పేరు చెప్పండి. ఈ పిల్లకేం తెల్దు."

"చదువుకునే పిల్లకు ఎవరైనా ఇలా ఇస్తారామ్మా?"

"బుద్ధి లేక ఇచ్చినా. నన్నెంతైనా తిట్టు. నా బిడ్డ దక్కుతాదా, అది చెప్పు."

"దక్కుతుంది. భయం లేదు. ఏం జరిగిందో తెలిసింది కాబట్టి ఇప్పుడు ఏం మందు ఇవ్వాలో కూడా తెలుసు. రక్తం కూడా దొరికిందని కింద నుంచి చెప్పారు. సాయంత్రానికి తేరుకుంటుంది, మీతో మాట్లాడుతుంది."

"నీ కడుపు సల్లగుండ."

"ఇంకో మాట. హాస్టల్లో ఇది ఇంకా ఎవరైనా వేసుకుంటుంటే, వాళ్ళంతట వాళ్ళు మింగడమూ వద్దు, వాళ్ళంతట వాళ్ళు ఆపడమూ వద్దు. ఒక్కొక్కరూ వచ్చి చూపించుకోవాలి. విన్నావా, నువ్వు?"

"విన్నాను, మేడం."

డాక్టరు రేకు పట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. బయమ్మ మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. హబీబా మాత్రం గోడ దగ్గరే నిలబడిపోయింది.

"మీరేంటికమ్మా అట్ల చెప్పినారు? షాపుకు పోయి తెచ్చింది నేనే. మా గదికి, పక్క గదులకు, అందరికీ నేనే తెస్తాండా. షాపాయనకు నేను బాగా తెల్సు."

"అది నాకు ఎప్పుడో అర్థమయ్యింది. నీ పేరు చెప్తే నీ సదువు పోతాది. నా పేరు చెప్తే నాకేం పోతాది? నేనేమన్నా కాలేజీకి పోవాల్నా? మగ్గానికి కండెలు సుట్టుకునేదాన్ని, రేపు గూడా అవే సుట్టుకుంటా."

"అమ్మా..."

"ఏడవద్దు. అది దక్కింది, అది సాలు నాకు. వాళ్ళ నాయన రానీ. ఇద్దరం కలిసి ఆ వార్డెనమ్మ కాడికి పోతాం. నీళ్ళు యాడివి, ట్యాంకరు యాడిది అని అడుగుతాం. గలాటా అంటే ఏందో సూపిస్తా ఆమెకు. మా వీధి ఆడోళ్ళను గూడా పిలుచుకొస్తా, బకెట్లతోనే."

"పోదామమ్మా."

"నువ్వు ఇప్పుడు హాస్టల్‌కు పో. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. స్నానం... సరే, నీళ్ళుంటే చెయ్యి. పోయి పిల్లోళ్ళందరికీ డాక్టరమ్మ మాట చెప్పు. భయపడద్దండి, ఒక్కొక్కరూ వచ్చి సూపించుకోండి, నేను మీతో వస్తా అని చెప్పు. నువ్వు చెప్తే ఇంటారు. నువ్వే గదా వాళ్ళకు పెద్దదిక్కు."

"చెప్పలేనమ్మా."

"ఏంటికి? ఇంగా భయమా? నేను చెప్పినా గదా, నీ పేరు యాడా రాదని."

"పేరుకు కాదు."

"మరి దేనికి? ఇట్ల సూడు, చెప్పు."

"నిన్న ల్యాబులో చంద్రిక కింద పడిపోయింది గదా. అది పడిపోగానే నేను ముందు దాన్ని లేపలేదమ్మా. ముందు నా బ్యాగులో చెయ్యి పెట్టి రేకు ఉండాదా లేదా అని తడుముకున్నా. స్టాకు అయిపోకముందు దాచుకున్నది ఉండాది. ఒకటి మింగి, మళ్ళ దాన్ని లేపినా."

"ఏం చెప్తాండావే నువ్వు?"

"నిలిపితే నాకూ అట్లే అయితాదని భయం. పొద్దున మీరు రాకముందు గూడా ఒకటి మింగినా."

"నువ్వు గూడానా? ... ఎప్పట్నుంచి?"

"చంద్రిక కంటే ముందు నుంచి."